మసికి కారణం ఉండాలి

“ఏందిరా అబ్బాయ్, షెడ్డు కడతన్నా, షెడ్డు కడతన్నా అంటివి. ఇది పెళ్లి పందిరి మాదిరుందే!”

పదకొండు నెలల నా శ్రమను వీడియో కాల్‌లో మెల్లగా తిప్పి చూపిస్తుంటే మా నాయన అన్న మాట ఇది. ఆయన బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంజిన్లుండే చోటు ఎలా ఉంటుందో ఆయనకు నేను చెప్పేదేముంది? కాకపోతే నేను కడుతున్నది బిట్రగుంట షెడ్డు కాదు. వందేళ్ల కిందట అమెరికాలో ఒక నారో గేజ్ రైల్వేకి ఉండదగ్గ చెక్క వర్క్‌షాపు. అదీ హారిస్‌బర్గ్ దగ్గర మా ఇంటి బేస్‌మెంట్‌లో, పాత భోజనాల బల్ల మీద. అసలు సైజులో 48వ వంతు. అంటే అక్కడి అడుగు నా దగ్గర పావు అంగుళం, ఆరడుగుల మనిషి అంగుళంన్నర. 140 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు అనుకున్న షాపు నా బల్ల మీద 35 అంగుళాలు, 15 అంగుళాలు. ఆ బల్ల మీద ఆశ మా ఆవిడ ఎప్పుడో వదులుకుంది.

కిట్టు కొనుక్కుంటే కోసిపెట్టిన గోడలు పెట్టెలో వస్తాయి, అంటించుకోవడమే. సన్నటి కర్రపుల్లలు కొనుక్కొచ్చి, మిగతాదంతా మనమే కొలిచి కోసి చేసుకుంటే దాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. ఈ పిచ్చి నాకు రాక్‌హిల్ ఫర్నెస్‌లో పట్టుకుంది. మా హారిస్‌బర్గ్ ఉన్న రాష్ట్రంలోనే చిన్న ఊరు. ఈస్ట్ బ్రాడ్ టాప్ అనే మూడడుగుల గేజు బొగ్గు రైల్వే షాపులు అక్కడున్నాయి. 1956లో రైల్వే మూతపడితే కొన్నది పాత ఇనుము వ్యాపారి. కొన్నవాడు కొన్నట్టు తుక్కు కింద కోసెయ్యకుండా ఉంచేశాడు. 1960 నుంచి జనాన్ని ఎక్కించుకుని బండి మళ్లీ తిరిగింది. వ్యాపారికి అలాంటి బుద్ధి ఎందుకు పుట్టిందో గాని, ఆయన పుణ్యాన షాపులో పనిముట్లు చాలావరకు ఎక్కడివక్కడే ఉన్నాయి.

లోపలికెళ్లి తలెత్తి చూశాను. కప్పు కింద పొడుగునా ఇనప షాఫ్టు, దాని మీద పుల్లీలు, ఒక్కొక్క పుల్లీ నుంచి లేతు మీదికో డ్రిల్లింగు మిషను మీదికో దిగే తోలు బెల్టు. ఒక మూలనున్న ఆవిరి ఇంజినొక్కటే వీటన్నిటినీ తిప్పేది. బెల్టు మెలివేసి తొడిగితే మిషను ఎదురు దిక్కుకు తిరుగుతుంది. చిన్నప్పుడు రైసుమిల్లులో వడ్లు పట్టించడానికి వెళ్లి నోరు తెరుచుకు చూసింది ఇదే కదా అనిపించింది. ఆ రోజు ఒక సంగతి బోధపడింది. అక్కడ కప్పు వానకు అడ్డం పెట్టింది మాత్రమే కాదు. పనంతా దానికే వేలాడుతోంది.

అందుకే నా షాపుకు గోడల కంటే ముందు కప్పును మోసే ట్రస్సులు చేశాను. రెండు చివర్ల ఉండే గేబులు గోడల మధ్య 14 అడుగులకొకటి చొప్పున తొమ్మిది. కాగితం మీద ఒక ట్రస్సు గీసుకుని, దాని మీద మైనపు కాగితం పరిచి, పుల్లలు కదలకుండా చుట్టూ గుండుసూదులు గుచ్చి, తొమ్మిదింటినీ ఆ ఒక్క అచ్చులోనే అంటించాను. పాతకాలపు చెక్క ట్రస్సులో ఒక తెలివి ఉంది. నొక్కుడు పడే ఏటవాలు ముక్కలు చెక్కవి, లాగుడు పడే నిలువు చువ్వలు ఇనుమువి. అంగుళం మందం చువ్వ నా కొలతలో అర మిల్లీమీటరు ఇత్తడి తీగ. దూలం కింద ఆ తీగ కొసకు ఆవగింజంత నట్టు పెట్టాలి. పెట్టాను. కప్పు మూస్తే ఎవరికీ కనపడదు. ఇక్కడి మోడల్ రైల్వే సంఘం వాళ్ల లెక్కలో మార్కులు 125. కట్టుబడికి 40, అంతా సొంతంగా చేసుకున్నందుకు 15. 87న్నర వస్తే మెరిట్ అవార్డు. కనపడని నట్లకు ఎన్నిస్తారో నేను అడగలేదు.

గోడలకు పన్నెండేసి అంగుళాల పలకలు. నాలుగు గోడలకూ కలిపి 400 వస్తాయి, తలుపులకూ కిటికీలకూ పోయేవి తీసెయ్యక ముందు. రెండు పలకల మధ్య సందు మూసే సన్నటి పట్టీలు కూడా దాదాపు అన్నే. అన్నీ బాస్‌వుడ్. బాల్సా మరీ మెత్తన, వేలు నొక్కితే గుంట పడుతుంది. టేకులాంటి కర్రలో ఈనె లావు. ఇంత చిన్న సైజులో అది ఈనెలా కనపడదు, గోడకు కాలవ తవ్వినట్టుంటుంది. బాస్‌వుడ్‌కి ఈనె ఉందా లేదా అన్నట్టుంటుంది. దాని మీద ఇనప బ్రష్‌తో ఒకసారి గీరితే ముసలితనం వస్తుంది.

ముసలితనం తెప్పించడంలోనే నా మొదటి గోడ పోయింది. పలకలన్నీ అంటించాక తొందరపడి నీళ్లలో కలిపిన రంగు ఒక పక్కే పూశాను. పొద్దున లేచి చూస్తే 35 అంగుళాల గోడ నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగింది. పైగా జిగురు అంటిన చోటల్లా రంగు పీల్చక తెల్లటి మచ్చలు. మూడు వారాల పని. ఆ తర్వాత బుద్ధొచ్చి, అంటించక ముందే పలకలను రెండు పక్కలా తడపడం మొదలుపెట్టాను. సీసాడు రబ్బింగ్ ఆల్కహాల్‌లో చెంచాడు ఇండియా ఇంకు. నీళ్లయితే కర్రను ఉబ్బిస్తాయి, ఇది త్వరగా ఆరిపోతుంది. ఇండియా ఇంకు అంటే నిజానికి దీపపు మసే. పేరు మనది, పుట్టిల్లు చైనా. మా అమ్మ కాటుక పట్టిన పద్ధతికి దూరపు చుట్టం.

అలా నాలుగు గోడలూ ఒకే తీరు బూడిద రంగుకు వచ్చి, ముచ్చటగా నిలబడ్డాక మా నాయనకు చూపించాను. పెళ్లి పందిరి అన్నది అప్పుడే.

“పాతదాని మాదిరే ఉంది గదా నాయనా?”

“పాతదే. పని జరగని పాతది. మసి యాడ?”

నల్ల పౌడరు తెచ్చి కప్పంతా పూస్తానన్నాను. తిట్టినంత పని చేశాడు. “అంతటా పూస్తే అది మసి గాదు, సున్నం గొట్టినట్టే. ఇంజిను యాడ నిలబడద్దో ఆడ, పైన. వచ్చేటప్పుడు పొగ ముందు తలుపు దూలానికి కొడతది, దాన్ని నల్లగా చెయ్యి. నూనె కిందుంటది, మసి పైనుంటది. నడిమధ్యన మనుషులు చేతులు తుడుస్తారు.”

ఆయన చేతులు గుర్తొచ్చాయి. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక వేస్టు దారాలతో, తర్వాత సబ్బుతో, తర్వాత ఇటుక పొడితో తోమినా గోళ్ల కింద నలుపు పోయేది కాదు. అన్నం కలుపుతుంటే నేను ఆ గోళ్లే చూసేవాణ్ణి. ఇన్నేళ్ల తర్వాత పలక పలకకూ ఆయన్నే అడుగుతున్నాను. తలుపు అంచు చెయ్యి పడే ఎత్తున నున్నగా, నల్లగా ఉండాలా? ఉండాలి. చూరు నీళ్లు చిమ్మే కింది అడుగు పలకలు కుళ్లుతాయా? కుళ్లుతాయి, ఒకటి రెండు మార్చినట్టు కొత్తవి పెట్టు. నేల? అమెరికా షాపుల్లో చెక్క దిమ్మెలు నిలువుగా పాతి నేల చేసేవాళ్లని చెప్పాను, పనిముట్టు జారి పడినా మొన విరగదని. అది ఆయనకు నచ్చింది. “మాకు లేకపాయ,” అన్నాడు.

చెక్కతో కట్టి లోపల నిప్పులు కక్కే ఇంజిన్లు పెట్టుకోవడం మాత్రం ఆయనకు అస్సలు మింగుడుపడలేదు. అడవులున్న దేశం, కర్ర చవక, అందుకే కట్టారు. చాలా చోట్ల కాలిపోయాయి కూడా. కప్పు మీద నీళ్ల పీపాలు వరసగా పెట్టిన చెక్క కట్టడాలు పాత ఫొటోల్లో కనపడతాయి. నేనూ ఆరు పెట్టాను. నిప్పు బొమ్మ రైళ్లనూ వదల్లేదు. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ అని ఒకాయన ఉండేవాడు. అందరూ తళతళలాడే బొమ్మ రైళ్లు చేసే రోజుల్లో మురికిని కళ చేసినవాడు. 1948లో ఒక పత్రిక పెట్టిన పోటీలో ఆయన ఇంజిన్ షెడ్డుకే మొదటి బహుమతి. తన రైల్వేకి ‘గోర్ అండ్ డెఫెటెడ్’ అని పేరు పెట్టాడు, గబగబా పలికితే నెత్తురోడి ఓడిపోయామని వినపడేలా. 1973 జనవరిలో గుండె ఆగి పోయాడు. కొద్ది రోజులకే ఆ రైల్వే చాలావరకు నిప్పంటుకుని పోయింది. ఈ సంగతి మా ఆవిడకు చెప్పినందుకు బేస్‌మెంట్‌లోకి మంటలార్పే సిలిండరొకటి వచ్చింది.

కప్పును నేను అంటించలేదు, ఎత్తి చూపించడానికి. పోయిన ఆదివారం ఎత్తి ఫోను లోపలికి దించాను. నాయన కాసేపు మాట్లాడలేదు. బెల్టులు చూస్తున్నాడేమో అనుకున్నా. గోధుమరంగు కాగితం కత్తిరించి, కొంచెం వదులుగా వేలాడేట్టు పెట్టానని చెప్పబోతున్నాను.

“వైసు బల్ల చీకట్లో పెట్టినావేందిరా? ఆకురాయి పట్టేవోడికి కిటికీ వెలుతురు గావాల గదా.”

నిజమే. కరెంటు లేని రోజులనే కదా అన్ని కిటికీలు పెట్టింది! రాత్రి కూర్చుని ఆ బల్లను కత్తితో ఊడదీసి కిటికీ కిందికి మార్చాను. పాతచోట నేల దిమ్మెల మీద జిగురు మరక తెల్లగా మిగిలిపోయింది. ఈ వారం దాని మీద ఒక నూనె పీపా పెట్టాలి. పీపా ఆడెందుకుందని నాయన అడక్క మానడు.