చలనచిత్ర సంస్థల లాంఛనములు: కొన్ని అప్రియాభిప్రాయములు

చలనచిత్రము చూడబోవువాడు కథకంటె ముందుగా ఒక బొమ్మను చూచును. కవలబిడ్డలు బూరలూదుదురు, ధ్వజముపై కపి కదలును, శ్రీకృష్ణుడు శంఖము పూరించును. ఈ బొమ్మకు మన పత్రికలవారు 'లోగో' అనియు 'సంస్థ చిహ్న'మనియు పేరు పెట్టినారు. 'లాంఛనము' అను పాతమాట దీనికి మిక్కిలి తగియున్నదని నా తలంపు. చాళుక్యులది వరాహలాంఛనము, పాండ్యులది మత్స్యలాంఛనము. రాగిరేకులకు తగిలించిన ముద్రను చూచినంతనే అది ఎవరి శాసనమో చదువురానివానికిని తెలిసెడిది. తెరమీది బొమ్మ చేయు పనియు అదియే.

ఈ లాంఛనములను ప్రేమించువారు మనలో పెక్కుమంది కలరు. ఏ సంస్థ బొమ్మ ఎన్నడు మారినదో, రంగు ఎప్పుడు వచ్చినదో, ధ్వని ఎక్కడ తగ్గినదో వారు తడుముకొనక చెప్పగలరు. అట్టివారి నడుమ కొన్ని అభిప్రాయములు స్థిరపడి, ఎదురాడరానివైనవి. వానిలో కొన్నింటితో నాకు పొత్తు కుదరదు. ఇంట తెలుగును, బడిలోను కచేరిలోను కన్నడమును వాడు కెంచార్లహళ్ళి వంటి ఊరినుండి చూచినపుడు ఈ బొమ్మలు కొంత వేరుగా కానవచ్చుటయే అందులకు కారణము కావచ్చును.

లాంఛనము చిత్రమునకు నాంది వంటిదని రసికులు తరచుగా చెప్పుదురు. పోలిక వినుటకు సొంపుగా ఉన్నది గాని నిలువదు. నాంది ఆ నాటకమునకే చెందినది; చేయి తిరిగిన కవి దానియందే రానున్న కథను సూచించును. లాంఛనమన్ననో, ఏడిపించు చిత్రమునకును నవ్వించు చిత్రమునకును ఒక్కటే. అది కవివాక్కు కాదు, వర్తకుని ముద్ర. బట్టలబేలుపై మిల్లువాని ముద్ర ఉండుట దోషము కానట్లే ఇదియు దోషము కాదు. వర్తకుని ముద్రయని ఒప్పుకొన్న పిమ్మటనే దాని అందచందములను సరిగా తూచుటకు వీలగును.

ఈ నియమమునకు ఒక్క అపవాదము కలదు. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ 1950లో 'షావుకారు'తో ప్రారంభమై, 1951లో 'పాతాళభైరవి'ని, 1957లో 'మాయాబజార్'ను ఇచ్చినది. విజయుడనగా అర్జునుడు, ఆతడు కపిధ్వజుడు. చిత్రసంస్థను 'బ్యానర'ను ఆంగ్లవ్యవహారమును మనవారు 'పతాక'మని తెనిగించి, 'ఫలానా పతాకముపై నిర్మించిన చిత్ర'మని నేటికిని వ్రాయుచున్నారు. విజయావారు ఆ మాటను ఉన్నదున్నట్లు పట్టుకొని, పతాకమునే లాంఛనముగా ఎత్తిరి. ఇంతవరకు ఎల్లరెరిగినదే. ఇక 'మాయాబజార్'ను తలచుకొనుడు. ఆ చిత్రమున పాండవులలో ఒక్కరును తెరపైకి రారు. సుభద్ర ఉన్నది, భర్త లేడు. అభిమన్యుడున్నాడు, తండ్రి లేడు. అన్ని చిక్కులకును మూలమైన ఆ ఐదుగురును మాటలలోనే ఉందురు. అయితే కథ మొదలు కాకమునుపే అర్జునుని జెండా తెరపై ఎగిరినది! ఈ ముద్రను 1957 నాటి కథకై గీయలేదు, ఇది కాకతాళీయము. ఐనను ఫలము మాత్రము నాందీఫలమే. భారతకథలను కేళికలుగా ఆడిన మా ప్రాంతపు ఊళ్ళలో ఆ కపి ఎవరి రథముపై ఉండునో విడమరచి చెప్పవలసిన పనిలేదు. చిత్రము గొప్పదనమును గూర్చి వ్రాసినవారు వేలమంది ఉన్నను, అందులో అర్జునునికి దక్కిన ఈ ఒక్క దృశ్యమును లెక్కించినవారిని నేను చూడలేదు.

ఎస్. ఎస్. వాసన్‌గారు 1940లో మద్రాసున నెలకొల్పిన జెమినీ సంస్థ బూరలూదు బిడ్డలను గూర్చి నా మాట మరింత అప్రియమగును. 1942 నాటి 'బాలనాగమ్మ' మొదలు 1948 నాటి 'చంద్రలేఖ' వరకును, ఆ పిమ్మటను, ఆ బిడ్డలను చూచి మురియనివారు లేరు. అది అచ్చముగా మన దేశపు బొమ్మ యని కొందరు వాదింతురు. వరాహమిహిరుడు మిథునరాశికి చెప్పిన రూపము స్త్రీపురుషుల జంట. పురుషుని చేత గద, స్త్రీ చేత వీణ. కవలలు గ్రీకు రోమక దేశముల ఊహ. కావున జెమినీ బిడ్డలు జన్మచేత పరదేశులే. ఐనను వారిని పరాయివారని ఎవరును అనలేదు, నేనును అనను. వారిని మనవారిని చేసినది రూపము కాదు, బూర. పెండ్లికైనను జాతరకైనను ముందు కొమ్మో బూరయో మ్రోగవలె. విన్నవారు పనులు విడిచి వాకిటికి రావలె. 1929లో కొల్హాపురమున పుట్టిన ప్రభాత్ సంస్థవారు తుతారి ఊదు స్త్రీని ఎన్నుకొన్నదియు ఈ మర్మము తెలిసియే. జెమినీ స్టూడియో నేడు లేదు. చెన్నపట్టణమున 1973లో కట్టిన అన్నా వంతెనను మాత్రము జనులు జెమినీ వంతెన యనియే పిలుచుచున్నారు.

దీనినిబట్టి, లాంఛనమున బొమ్మకంటె ధ్వనియే ప్రధానమని నేను చెప్పుదును. బొమ్మలను సేకరించి వన్నెలు లెక్కించు మిత్రులకు ఇది రుచింపదు. ఇంగ్లండులోని ర్యాంకు సంస్థవారి చిత్రములకు ముందు కండలు తిరిగిన మనుష్యుడొకడు పెద్ద కంచుజేగంటను మోదును. ఆ జేగంట కాగితపు గుజ్జుతో చేసినది. మనకు వినవచ్చు నాదము జేమ్స్ బ్లేడ్స్ అను వాద్యకారుడు వేరొక వాద్యముపై పలికించినది. బొమ్మ బూటకమైనను నాదము నిజమగుటచే అది నిలిచినది. ఏ.వి.ఎం. వారి మూడక్షరములలో చూడదగిన బొమ్మ యేమున్నది? ఆ స్వరము విన్నవాడు కన్నులు మూసికొనియు సంస్థ పేరు చెప్పగలడు. దూరదర్శన్ చిహ్నము జాతీయ రూపకల్పన సంస్థ విద్యార్థియైన దేవాశిస్ భట్టాచార్య గీసినది. 1976లో ప్రసారమునకు వచ్చినది. గీత మంచిదే. కాని పండిట్ రవిశంకర్ సంతరించిన ఆ స్వరము లేనిచో, వీధిలో ఆడుకొను పిల్లలు ఇంటిలోనికి పరుగెత్తియుండరు.

వైజయంతీ మూవీస్‌వారి లాంఛనమును విమర్శించినచో తెలుగునాట నిలువనీడ దొరకదని మిత్రుడొకడు నన్ను హెచ్చరించెను. అశ్వనీదత్‌గారి ఈ సంస్థ 1975లో 'ఎదురులేని మనిషి'ని ఇచ్చినది. నందమూరి తారకరామారావుగారు కృష్ణుని వేషమున శంఖము పూరించుట దీని లాంఛనము. వైజయంతి యనునది విష్ణువు ధరించు మాల. శంఖము పాంచజన్యము. పేరు మాలను చెప్పుచుండగా బొమ్మ శంఖమును చూపుచున్నది; పైగా ముఖము నటునిది. మూడును మూడు దిక్కులకు లాగుచున్నవి. దీనిని నిలబెట్టినది శిల్పము కాదు. 'మాయాబజార్' మొదలుగా ఆయన ధరించిన కృష్ణపాత్రలపై ప్రేక్షకునికి గల భక్తి. రామారావుగారు 1996లో కీర్తిశేషులైరి. ఆయన కృష్ణవేషమును చిత్రములలో చూచి ఎరుగని పిల్లవానికి ఈ బొమ్మ ఏమి చెప్పునన్న ప్రశ్నను దాని అభిమానులు వేసికొనుట లేదు. మా తరగతిలో లాంఛనమును గీయుమనగా ఎక్కువమంది ఈ శంఖమునే గీసిరి. ఎవరీయన యని అడిగితిని. కృష్ణుడనిరి. నటుని పేరు ఒక్కరును చెప్పలేదు. నటుడు కరగి దేవుడు మిగిలినాడు. ఇది లాంఛనమునకు లాభమో నష్టమో తేల్చుట నా తరము కాదు.

రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్స్ లాంఛనమున ఆయన కుమారులిద్దరు పసితనమున ఎస్, పి అను ఆంగ్లాక్షరములపై నిలుచుందురు. సొంత బిడ్డలను లోకము నెత్తిన రుద్దుటయేమని దీనిని ఎగతాళి చేయువారు కలరు. నాకిది అన్నింటిలో నిజాయితీ గల ముద్రగా తోచును. 'ఇది మా ఇంటి వ్యాపారము, వీరు మా పిల్లలు' అని అంగడి యజమాని గల్లాపెట్టె వెనుక బిడ్డల పటము తగిలించుట వంటిది. దేవతల నడ్డుపెట్టుకొనుటకంటె ఇది మేలు.

అసలు నా కలతయంతయు ఆ బిడ్డల పాదముల క్రిందనున్న అక్షరములను గూర్చి. లాంఛనమునకు భాష అక్కరలేదు, బొమ్మయే చాలును, అది ఎల్లరకును అర్థమగును అని అభిమానులు గర్వముగా చెప్పుదురు. ఇప్పుడు ఒకే చిత్రము ఐదు భాషలలో విడుదలయగుటచే సంస్థల పేర్లును చిత్రముల పేర్లును ఆంగ్లాక్షరములలో వచ్చుట పరిపాటియైనది. ఇది సౌకర్యమనువారితో నేను ఏకీభవింపను. 2007 దాక కోలారు జిల్లాలోనుండి, పిమ్మట చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన మా తాలూకాలలో లెక్కకుమించిన ఇండ్లలో తెలుగే మాట్లాడుదురు. కైవార తాతయ్య తెలుగున పాడిన నేల ఇది. ఐనను ఇచటి పిల్లలలో పెక్కురకు తెలుగు చెవికి తెలిసిన భాషయే గాని కంటికి తెలిసిన భాష కాదు. తెలుగు బడి అందని పిల్లవానికి తెలుగు అక్షరము ఎక్కడ కనబడును? అంగడి పలకపై కనబడదు, బస్సు నొసటను కనబడదు. పూర్వము అది తెరపై కనబడెడిది, మనిషియెత్తు అక్షరములలో, చెవికి తెలిసిన పాటతో కూడి.

కన్నడము చదివిన బాలునికి తెలుగు లిపి కొండ యెక్కుట కాదు. 'మాయాబజారు' అను మాటను తీసికొనుడు. మ, య, ర లలో భేదము తలకట్టులోనే. బ, జ లు చూచినంతనే పోల్చుకొనదగినవి. ఆ మాట ఏమని చెవి ముందే చెప్పియుండును; కన్ను దానిని అక్షరములతో సరిపోల్చుకొనును. ఉపాధ్యాయుడు వారము దినములు శ్రమించి చెప్పు పాఠమును తెర కొన్ని క్షణములలో ఉచితముగా చెప్పెడిది. బొమ్మల తరగతిలో శంఖము గీసిన బాలిక యొకతె దాని క్రింద సంస్థ పేరును కూడ వ్రాసినది. తెరపై చూచిన రూపము ఆంగ్లము, ఆమెకు చేతనైన లిపి కన్నడము, పలికినది తెలుగు. నేను పలకపై అదే పేరును తెలుగున వ్రాసి చూపగా, తన కన్నడ అక్షరములను ఒక్కొక్కదానినే వ్రేలితో తాకి పోల్చుకొని, తలకట్టులను తానే దిద్దుకొనెను.