చామ్లిజా మసీదు – పవిత్రావశేషాల ప్రదర్శన: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఇస్తాంబుల్ నగరపు ఆసియా భాగంలో, చామ్లిజా కొండమీద 2019లో ప్రారంభమైన మహా మసీదు టర్కీలోకెల్లా పెద్దది. అరవై వేలమందికి పైగా ఒకేసారి నమాజు చేయగల ఈ కట్టడానికి బహార్ మిజ్రాక్, హైరియే గుల్ తోతు అనే ఇద్దరు మహిళలు రూపకల్పన చేశారు. ఆరు మీనార్లలో నాలుగింటి ఎత్తు 107.1 మీటర్లు, అది 1071 నాటి మలాజ్‌గిర్త్ యుద్ధ విజయానికి సంకేతం. గుమ్మటపు వ్యాసం 34 మీటర్లు; 34 ఇస్తాంబుల్ వాహనాల నమోదు సంఖ్య. ఎవరైనా విప్పి చెబితే తప్ప ఈ సంఖ్యార్థాలు చూపరికి తోచవు. ఆకృతి మాత్రం సినాన్ కాలపు ఒట్టోమన్ సంప్రదాయానిది. ఇది అనుకరణేనన్న ఆక్షేపణ నిర్మాణకాలంలోనే వచ్చింది.

అయితే పాతదనం కోసం ఈ కొత్త కట్టడం పడే ఆరాటం గుమ్మటంలో కన్నా, ప్రాంగణంలో 2022లో తెరిచిన ఇస్లామీయ నాగరికతల ప్రదర్శనశాలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఖురాన్ ప్రతులు, కాబా ఆచ్ఛాదనలు, ప్రవక్తవిగా విశ్వసించే అవశేషాలు ఇక్కడున్నాయి. వీటిలో పలు వస్తువులు తోప్‌కాపి రాజప్రాసాదం వంటి పాత సంగ్రహాల నుంచి వచ్చినవే.

తోప్‌కాపి చరిత్రతో పోల్చినప్పుడే ఈ మార్పు విలువ తెలుస్తుంది. 1517లో మొదటి సెలీమ్ ఈజిప్టును జయించిన తరువాత అవశేషాలు సుల్తానుల అధీనంలోకి రాసాగాయి. రంజాన్ మాసం పదిహేనో రోజున ప్రవక్త అంగీని సందర్శించే భాగ్యం ఆస్థానీకులకే ఉండేది. 1924లో రాజప్రాసాదం మ్యూజియమైంది. 1962లో అవశేషాల గది సామాన్యులకు తెరుచుకుంది. కాని నేటికీ ఆ గదిలో ఖురాన్ పఠనం సాగుతూనే ఉంటుంది. అక్కడ మ్యూజియంలోకి ప్రార్థన ప్రవేశించింది. చామ్లిజాలో ప్రార్థనాస్థలంలోకే మ్యూజియం వచ్చింది. ఈ తారుమారు చిన్నదేమీ కాదు. గాజుపెట్టె ముందు నిలిచిన వ్యక్తి ప్రేక్షకుడా, భక్తుడా? ‘ప్రవక్త కేశం’ అని రాయడానికీ, ‘ప్రవక్తదిగా విశ్వసించే కేశం’ అని రాయడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ వివరణ ఫలకమూ తప్పించుకోలేదు.

ఇక్కడ ఎక్కువ ఆలోచింపజేసేవి డమాస్కస్ పత్రాలు. అక్కడి ఉమయ్యద్ మసీదులో శతాబ్దాలుగా పోగుపడిన ఈ పుటలు ఒట్టోమన్ పాలన చివరి దశలో ఇస్తాంబుల్ చేరాయి. చిరిగిన ఖురాన్ పుటను పారవేయరాదు కనుక దాచారే గాని, ఎవరికో చూపించాలని కాదు. మదీనాలోని పవిత్ర వస్తువులను ఫహ్రెద్దీన్ పాషా 1917లో యుద్ధభయంతో ఇస్తాంబుల్‌కు పంపిన ఉదంతమూ ఇలాంటిదే. దాన్ని రక్షణ అనాలా, తరలింపు అనాలా అన్నది మాట్లాడేవారు ఏ నగరంలో నిలబడి ఉన్నారన్న దాన్నిబట్టి మారుతుంది. ప్రదర్శనశాల పేరులో ‘నాగరికతలు’ అన్నది బహువచనమే. వస్తువులు నడిచివచ్చిన దారులు మాత్రం కైరో నుంచైనా, డమాస్కస్ నుంచైనా, మదీనా నుంచైనా ఒకే రాజధానికి చేరాయి. ఆ దారుల చరిత్రకు వస్తువుల పవిత్రతతో సమానమైన చోటు ఇవ్వనంతకాలం అది మ్యూజియం కన్నా సామ్రాజ్యపు కోశాగారానికే దగ్గరగా ఉంటుంది.