బంటీ బతికే ఉండాలి

అమ్మ అద్దం ముందు కూచుని కాలేజీకి తయారవుతోంది. వెనకాల నిలబడి బంటీ చూస్తున్నాడు. బల్ల మీది రంగురంగుల సీసాల్లో, చిన్నా పెద్దా డబ్బాల్లో ఏదో మంత్రం ఉందని వాడి నమ్మకం. అవి పూసుకోగానే తన అమ్మ మాయమై, ఆ కుర్చీలో ప్రిన్సిపాల్ మేడం కూచుంటుంది.

మన్నూ భండారీ హిందీ నవల ‘ఆప్‌కా బంటీ’ ఇలా మొదలవుతుంది. విడాకుల ఊసు ఇంకా ఎత్తనే లేదు. కానీ అమ్మ ఇద్దరు మనుషులుగా విడిపోవడం పిల్లవాడు అప్పటికే చూసేశాడు. ఇంట్లో పనిచేసే ఫూఫీ చెప్పే కథల్లో రాణులూ మాయలూ విని పెరిగినవాడికి లోకం అలాగే అర్థమవుతుంది. పెద్దల సంసారాన్ని చాలావరకు ఆ కళ్లతోనే చూపించడం ఈ నవల పనితనానికి ఆయువుపట్టు.

మన్నూజీ ఢిల్లీలోని మిరాండా హౌస్‌లో ఏళ్ల తరబడి హిందీ పాఠాలు చెప్పారు. ఈ నవల ‘ధర్మయుగ్’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1971లో పుస్తకమైంది. తల్లి శకున్, తండ్రి అజయ్ విడిపోయారు. శకున్ డాక్టర్ జోషీని పెళ్లాడుతుంది. ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరు పిల్లలున్నారు, బంటీ అక్కడ ఇమడలేడు. కలకత్తాలో తండ్రి దగ్గరికి వెళ్తే అక్కడా మరో సంసారం. చివరికి వాడికి మిగిలింది హాస్టల్.

ఇంత కథలో ఒక్క దుర్మార్గుడూ లేడు. రచయిత్రి అక్కడక్కడ బంటీ చెయ్యి వదిలి శకున్ మనసులోకి వెళ్తారు. తల్లిగానూ ఆడదానిగానూ బతకాలనుకున్న మనిషి ఒంటరితనాన్ని అంతే శ్రద్ధగా చెబుతారు. పిల్లవాడి మీద ప్రేమకొద్దీ తల్లిని దోషిగా నిలబెట్టడం తేలిక. ఆ తేలిక దారి ఆమె తొక్కలేదు.

నవలకు రాసుకున్న ముందుమాట పేరు ‘బంటీ జన్మపత్రి’. తాను చూసిన నిజం పిల్లల్లోంచి బంటీ ఎలా పుట్టాడో అందులో చెప్పారు. వాణ్ణి చూసి పాఠకుడు జాలిపడి ఊరుకుంటే ఆమెకు తృప్తి లేదు. వాడి బతుకు మనల్ని ప్రశ్నై తొలవాలి.

మన పాత కవులు కావ్యాన్ని కన్య అన్నారు. రాసినవాడు కృతికర్త, అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. పిల్లను ఇచ్చి పంపాక అత్తవారింట కొత్త అలవాట్లు వస్తాయి, కన్నవాళ్లు కాదనరు. మన్నూజీ కూడా కాదనలేదు. ఆమె కథ ‘యహీ సచ్ హై’ని బాసు చటర్జీ ‘రజనీగంధ’గా 1974లో తీసినప్పుడు కాన్పూరు, కలకత్తాలు కాస్తా ఢిల్లీ, బొంబాయిలయ్యాయి. ఇద్దరు మగవాళ్ల మధ్య ఊగిసలాడే అమ్మాయి మనసు మాత్రం చెక్కుచెదరలేదు. శరత్ నవల ‘స్వామి’ని అదే దర్శకుడు 1977లో సినిమా చేసినప్పుడు ఆ సినిమా రచనలో ఆమె కూడా పాలుపంచుకున్నారు. పుస్తకం తెరకెక్కాలంటే ఏం వదులుకోవాలో ఆమెకు బాగా తెలుసు.

‘ఆప్‌కా బంటీ’ని ‘సమయ్ కీ ధారా’గా తీసినప్పుడు సంగతి వేరు. పాత్రల నడత, మాటలు మారాయి. అన్నిటికీ మించి ముగింపు మారింది. నవలలో హాస్టల్‌కు వెళ్లిన పిల్లవాడు సినిమాలో చనిపోతాడు. ఆమె కోర్టుకెళ్లారు. కింది కోర్టులో ఊరట దొరకక ఢిల్లీ హైకోర్టు దాకా నడిచారు.

1986లో ఇరుపక్షాలూ రాజీకొచ్చాయి. ఆమె పేరూ నవల పేరూ లేకుండా సినిమా ఆడేలా ఒప్పుకున్నారు. అయినా ఇలాంటి తగవులకు దారి చూపాలని జస్టిస్ ఎస్.బి. వాడ్ తీర్పు చెప్పారు. కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చేశాక కూడా రచనను వికృతం చేయకుండా ఆపే అధికారం రచయితకు ఉంటుంది. సినిమాకు తగ్గ మార్పులు చేసుకోవచ్చు, నవల అర్థమే మారిపోయే మార్పులు కూడదు. పుట్టింటి బంధం తెగిపోదని చట్టం తన మాటల్లో ఒప్పుకున్నట్టే.

ఆఖరి ఘట్టం కోసం అంత పోరాటం ఎందుకంటే, నవలంతా నిలబడింది దాని మీదే. పిల్లవాడు చనిపోతే ప్రేక్షకుడు కన్నీళ్లు తుడుచుకుని లేస్తాడు. దుఃఖం తీరుతుంది, కథ తీరుతుంది. బతికి ఉన్న పిల్లవాడు, కన్నవాళ్లిద్దరూ ఉండి కూడా ఎవరికీ చెందని పిల్లవాడు, అలా తీరిపోడు.

మన్నూజీ 2021 నవంబరు 15న గురుగ్రామ్‌లో కన్నుమూశారు. ‘ఆప్‌కా బంటీ’ అంటే ‘మీ బంటీ’. అమ్మా నాన్నా ఉంచుకోలేని పిల్లవాణ్ణి నవల పేరులోనే ఆమె మనకు అప్పగించారు. వాడు బతికుంటేనే ఆ అప్పగింతకు అర్థం. అందుకే ఆమె వాణ్ణి చావనివ్వలేదు.