నెలసరి పద్దు

పాలవాడి లెక్క రాస్తాం. ఇస్త్రీ బట్టల పద్దు రాస్తాం. గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో వంటింటి క్యాలెండర్‌లో తేదీ చుట్టూ సున్నా చుడతాం. ఒంట్లోంచి నెలనెలా పోయే నెత్తురుకి మాత్రం లెక్కాపత్రం ఉండదు. డాక్టరు ఎదుట కూర్చుని "బాగా ఎక్కువగా అవుతోందమ్మా" అంటాం. ఎంత అని అడిగితే "చాలా" అంటాం. ఆ ఒక్క "చాలా" మీద మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని గర్భసంచులు తీసేశారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

నేనిప్పుడు ఆ ఆపరేషన్ గురించే ఆలోచిస్తున్నాను. నాకు 46. కొన్నేళ్లుగా నెలసరి వచ్చిందంటే గండమే. బడిలో పాఠం మధ్యలో వదిలి వెళ్లడానికి ఉండదు కాబట్టి ఆ రోజుల్లో ముదురు రంగు చీరలే కడతాను, ఒకదాని మీద ఒకటి రెండు ప్యాడ్లు పెట్టుకుంటాను. రాత్రి పాత దుప్పటి మడతలు వేసి దాని మీద పడుకుంటాను. మేడ మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గర తేలింది. ఆడవాళ్లకు 12 ఉండాలి. అక్కడే ఆపరేషన్ మాట వచ్చింది. ఆ మాట వినగానే ఊఁ అనకుండా, ఉలిక్కిపడకుండా ఆలోచించడానికి నాకు సాయపడిన పని ఒకటుంది. అదే లెక్క రాయడం.

పద్ధతి కొత్తదేం కాదు. 1990లో ఇంగ్లండ్‌లో హైయమ్ అనే డాక్టరు, సహచరులు కలిసి ఒక బొమ్మల పట్టిక తయారుచేశారు. ప్యాడ్ మీద కొద్దిగా మరకైతే 1, ఓ మాదిరిగా తడిస్తే 5, పూర్తిగా నానిపోతే 20. చిన్న గడ్డ పడితే 1, పెద్ద గడ్డకు 5. అన్నీ దాటి పొంగిపోతే మరో 5. నెలసరి అయ్యాక కూడితే 100 దాటిందంటే సుమారు 80 మిల్లీలీటర్ల పైన నెత్తురు పోయినట్టు. ఆ 80 గీత 1966లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ స్త్రీలను పరీక్షించి గీసింది. మామూలుగా పోయేది 30, 40 మిల్లీలీటర్లే. 80 వినడానికి ఎంతో కాదనిపిస్తుంది. కానీ నెలనెలా అంత పోతుంటే, తిన్న తిండిలోని ఇనుము ఆ లోటు పూడ్చలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇందులో తిండి వాటా ఎంతో నెలసరి వాటా ఎంతో విడదీసి చూడాలని ఎవరికీ తట్టదు.

స్నానాలగది తలుపు వెనక మేకుకి గళ్లు గీసిన కాగితం తగిలించి, దారంతో పెన్సిలు కట్టాను. తేదీలు పైన అడ్డంగా, పక్కన ఒకటి, అయిదు, ఇరవై. అర్ధరాత్రి లేచి, గోడ పట్టుకుని వెళ్లి, శుభ్రం చేసుకుని, వచ్చే ముందు ఆ గడిలో నిలువు గీత. అయిదో గీత అడ్డంగా, వడ్లు కొలిచేటప్పుడు మా తాతయ్య గీసినట్టే. రెండో రోజు ఇరవై గడి నిండిపోయేది. ఇంటర్ చదివే మా అబ్బాయి ఒకరోజు అదేమిటమ్మా అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. మర్నాటికి పెన్సిలు చెక్కి ఉంది.

ఆ కాగితాలు మడతపెట్టి గుంటూరు తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ వాటిని బల్ల మీద వరసగా పరిచి, గళ్ల మీద వేలితో కిందికి దిగుతూ చదివారు. తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది: "టీచర్‌గారూ, మీకు పన్ను పీకినప్పుడు నెత్తురు వెంటనే ఆగిందా? కాన్పుల్లో ఎక్కువ పోయిందా?" నెత్తురు గడ్డకట్టడంలోనే లోపం ఉంటే చాలావరకు పుట్టినప్పటి నుంచీ ఉంటుందట. పెద్దమనిషైన నాటి నుంచీ ఎక్కువగా అయ్యే ఆడపిల్లల్లో కొందరికి అసలు జబ్బు అదేనట. తర్వాత థైరాయిడ్ అడిగారు, వాడే మందులు అడిగారు, కాపర్‌టీ ఉందా అన్నారు. స్కానింగ్. 45 దాటాను కాబట్టి గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష. నాకు ఫైబ్రాయిడ్ గడ్డలు లేవు, క్యాన్సర్ లేదు. లోపలి పొర గోడ కండరంలోకి చొచ్చుకుపోయి సంచి ఉబ్బింది. దాన్ని ఎడినోమయోసిస్ అంటారు.

కారణం తేలాక గానీ మందు మాట ఎత్తని డాక్టరు దొరకడం నా అదృష్టం. మా పిన్నికి ఆ అదృష్టం లేదు.

పిన్నికి అప్పుడు 31. ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషన్ అయిపోయింది. తెల్లబట్ట, నడుంనొప్పి, నెలసరి ఎక్కువ. పక్క టౌన్లో నర్సింగ్‌హోమ్‌కి వెళ్తే ఒక్క స్కానింగ్ తీసి "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. ఆ వారంలోనే అప్పుచేసి తీయించేశారు. పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముంది, పీడా పోయింది అన్నారు చుట్టుపక్కల వాళ్లు. కొన్ని నెలలకే ఒళ్లంతా సెగలు, నిద్రలేమి. యాభై ఏళ్లకు వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు "అండాశయాలు కూడా తీసేశారా?" అని అడిగితే పిన్ని తెల్లమొహం వేసింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇల్లంతా వెతికితే దొరికింది డబ్బు కట్టిన రసీదు ఒక్కటే.

ఇది మా పిన్ని ఒక్కర్తె కథ కాదు. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేశారని తేలితే, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగినవే. మెదక్ జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి ఈ ఆపరేషన్ల మీద అధ్యయనం చేసిన హైదరాబాద్ డాక్టర్లు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి ఏళ్ల తరబడి ఈ మాటే చెబుతూ వచ్చారు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రాజస్థాన్, బిహార్, ఛత్తీస్‌గఢ్ స్త్రీల తరఫున ఒక డాక్టరు పదేళ్లు పోరాడితే వచ్చిన తీర్పు అది. తెల్లబట్టకు క్యాన్సర్ భయం చూపించడం వైద్యం కాదు, అన్యాయం. క్యాన్సర్ అనుమానం నిజంగా ఉంటే ముక్క పరీక్షలో తెలుస్తుంది. ముట్లుడిగాక మళ్లీ నెత్తురు కనిపించినా, నెలసరికీ నెలసరికీ మధ్యలో గానీ భర్తతో కలిశాక గానీ కనిపించినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి. ఆ వెళ్లడం పరీక్షకు. కత్తికి కాదు.

నా విషయానికొస్తాను. మొదట ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు వాడాను. వీటిని జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే కనిపెట్టారు. 1962లో ప్రకటించారు. కాన్పులో నెత్తురు పోయి చనిపోయే తల్లుల్ని కాపాడాలని ఆవిడ పట్టుదల. నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకోవాలి, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు కట్టినవాళ్లు వాడకూడదు. నాకు కొంత తగ్గింది. నా పట్టికలో ఇరవై గడి గీతలు పలచబడ్డాయి, కానీ కూడితే వంద లోపలికి రాలేదు. తర్వాత హార్మోన్ లూప్. గర్భసంచిలో కూర్చుని రోజుకు 20 మైక్రోగ్రాముల మందు అక్కడికక్కడే వదులుతుంది. చాలామందికి ఏడాది తిరిగేసరికి నెత్తురు పదో వంతుకు పడిపోతుంది. ఎడినోమయోసిస్‌కి ఇది మంచి దారి. కత్తి పెట్టించుకోబోయే ప్రతి అక్కాచెల్లెలూ ముందు దీని గురించి అడిగి తీరాలి. నాకు మాత్రం ఒక పెద్ద పోతలో గడ్డతో పాటు లూప్ జారి వచ్చేసింది. సంచి ఉబ్బినవాళ్లకు అలా జరగడం మామూలేనట.

ఇక మిగిలినవి రెండు. ఒకటి, లోపలి పొరను మాడ్చేయడం. అబ్లేషన్ అంటారు. కోత ఉండదు. కొన్నిచోట్ల లోపల బెలూన్ పెట్టి వేడి ద్రవంతో నింపుతారు, కొన్నిచోట్ల రేడియో తరంగాలతో నిమిషంన్నరలో కానిచ్చేస్తారు. సాయంత్రానికి ఇంటికి. గర్భసంచి ఎక్కడిదక్కడే. విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు, దీని తర్వాత గర్భం వస్తే ప్రమాదం. ఆ బెంగ నాకు లేదు.

అయితే ఇక్కడ మన ఆడవాళ్లకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది, దీన్ని గురించి కాస్త నిలబడి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. నాకూ రెండో కాన్పు కాగానే చేసేశారు. అంటే ట్యూబులు కట్టేసి ఉన్నాయి. అబ్లేషన్ తర్వాత గర్భసంచి లోపల మచ్చకట్టి గోడలు అతుక్కుంటాయి. ట్యూబులు మొదలయ్యే మూలల్లో పొర కాస్త మిగిలిపోతే నెలనెలా అక్కడ నెత్తురు ఊరుతుంది. కిందికి దారి మూసుకుపోయింది, ట్యూబు వైపు దారి ఎప్పుడో కట్టేశారు. మధ్యలో నెత్తురు చిక్కి ప్రాణం తోడేసే నొప్పి కొందరికి వస్తుంది. పైగా ఎడినోమయోసిస్‌లో పొర కండరం లోతుల్లో ఉంటుంది, పైపైన మాడ్చితే అక్కడిదాకా చేరదు. అబ్లేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరు చివరికి గర్భసంచి తీయించుకోవలసి వస్తోంది, నాలాంటివాళ్లకు ఆ అవకాశం ఇంకా ఎక్కువ. గడ్డలూ ఉబ్బూ లేని సంచి ఉన్నవాళ్లకు ఇది చక్కటి వైద్యమే. నాకు కాదు.

అలా ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చేసరికి, ఏ ఆపరేషన్ పేరు చెబితే మా పిన్ని గుర్తొచ్చి ఒళ్లు మండుతుందో ఆ ఆపరేషన్ దగ్గరికే చేరాను. చాలా రాత్రులు దీన్ని తిరగేసి మరగేసి చూశాను. పిన్నికి చేసిందీ నాకు చేయబోయేదీ ఒకటే కోత కావచ్చు. కానీ ఆమెకు కారణం వెతకలేదు, మందు ఇవ్వలేదు, వ్యవధి ఇవ్వలేదు, నోరు తెరవనివ్వలేదు. నాకు ఇవన్నీ దక్కాయి. గర్భసంచి తీయించుకున్న ప్రతి స్త్రీనీ మోసపోయినదానిగా చూసే ధోరణి ఈమధ్య పెరిగింది. అది నాకు నచ్చదు. మా వదినకు పెద్ద గడ్డలు, నెత్తురు ఎక్కిస్తే తప్ప లేవలేని స్థితి. తీయించుకున్నాక మళ్లీ మనిషయింది.

అండాశయాలు ఉంచుతారు, అవి బాగానే ఉన్నాయి. ట్యూబులు మాత్రం తీసేస్తామన్నారు. అండాశయ క్యాన్సర్లలో చాలావరకు నిజానికి ట్యూబుల చివర్లలోనే పుడతాయట. పొట్ట కోయకుండా కిందినుంచి గానీ లాప్రోస్కోపీతో గానీ చేస్తారు. మూత్రాశయానికి, మూత్రనాళాలకు దెబ్బ తగిలే ప్రమాదం కొద్దిగా ఉంది. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లుడిగే లక్షణాలు కాస్త ముందే వస్తాయి. ఇవన్నీ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

సంతకం సంగతి కూడా అడిగాను. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ కేసులో తీర్పిచ్చింది. నెలసరి ఆగక ఆస్పత్రికి వెళ్లిన 44 ఏళ్ల మహిళను లాప్రోస్కోపీతో పరీక్షించడానికని మత్తిచ్చి, బయట కూర్చున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. ఆమె తెలివిలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని, ఒకదానికి ఇచ్చిన అనుమతి మరొకదానికి చెల్లదని, ప్రాణాపాయం ఉంటే తప్ప పక్కవాళ్ల సంతకం చాలదని కోర్టు తేల్చింది. అందుకని నా అనుమతి పత్రంలో ఏవి తీస్తారో, ఏవి ఉంచుతారో తెలుగులో విడివిడిగా రాయమన్నాను. డాక్టరమ్మ సంతోషంగా ఒప్పుకున్నారు. ఈ ముక్కలన్నీ పిన్నికి చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నన్నెవరూ అడగలేదే అమ్మాయ్, మీ బాబాయి చేత వేలిముద్ర వేయించారు" అంది.

ముందు నెత్తురు పెరగాలి. ఐరన్ డ్రిప్పు మొదలైంది, టీ కాఫీలు అన్నానికి దూరంగా తాగుతున్నాను. దసరా సెలవులకు కలిసొచ్చేలా తేదీ అడిగాను. ఆరు వారాలు బరువులు ఎత్తకూడదన్నారు. పిన్ని వచ్చి ఉంటానంది. తనకైతే కుట్లు ఆరీ ఆరకముందే మినుము పీకడానికి చేలోకి వెళ్లాల్సి వచ్చిందట, నన్ను మాత్రం నీళ్ల బిందె ముట్టుకోనివ్వనంటోంది. వచ్చే ఆదివారం నాతోపాటు ఆమెనూ గుంటూరు తీసుకెళ్తున్నాను, ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలి. ఆ రసీదు కూడా పట్టుకు రమ్మన్నాను.