వెనక చక్రాల చదువు

చీమకుర్తి క్వారీల నుంచి ఒంగోలు వైపు వచ్చే గ్రానైట్ ట్రైలర్‌ను పక్కనుంచి చూస్తే దాదాపు ఖాళీ బండిలా ఉంటుంది. అంత పొడవు చెక్కమీద ఒకటో రెండో నల్లరాళ్లు, వాటికి గొలుసులు. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తీసుకుపోయే లారీ దీని పక్కన మేడలా కనిపిస్తుంది. కాని గెలాక్సీ అనే ఈ నల్లరాయి ఘనపు మీటరు సుమారు 3 టన్నులు తూగుతుంది. 7 ఘనపు మీటర్ల దిమ్మ ఒక్కటి పెడితే 20 టన్నులు దాటిపోతుంది. కృష్ణపట్నమో చెన్నయో, ఓడ దాకా ఆ బరువును ముందుకు తోసేవి లారీ వెనక చక్రాలు.

ఖరీదైన స్పోర్ట్స్ కార్లు చాలావాటిని తోసేవీ వెనక చక్రాలే. మన దేశంలో ఒకప్పుడు ఇదేమీ విశేషం కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండూ వెనక చక్రాలతో నడిచినవే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక లాగే పని ముందు చక్రాలకు మారింది, మామూలు కార్లలో ఎక్కువ భాగం అదే దారి పట్టాయి. దాంతో ఒక తరం మొత్తం కారు వెనక భాగానికి సొంత బుద్ధి ఒకటుంటుందని తెలియకుండానే డ్రైవింగ్ నేర్చుకుంది. ఆ తరం వాళ్లు డబ్బు చేతికందాక బీఎండబ్ల్యూనో, 2016లో ఇండియాకొచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌నో కొని, తొలి వానలో ఆ బుద్ధిని చూస్తారు. వెనక చక్రాల బండిని అదుపులో పెట్టుకునే విద్య మన ప్రాంతంలో ఎవరి దగ్గరుందంటే నేను రాయి తోలే లారీ డ్రైవర్ల పేరే చెబుతాను. వాళ్ల దగ్గర దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. క్లీనరుగా చేరినవాడు చూసి పట్టుకోవాల్సిందే.

ముందుగా టైరు సంగతి. ఏ క్షణంలోనైనా టైరు అరచేయంత మేరే రోడ్డును తాకుతుంది. ఆ మేరకు ఉన్న పట్టు ఒకటే. సాగర్ కాలువ నీళ్లు పై చేలో ఎక్కువ వదిలితే కింది చేనుకు తగ్గినట్టు, మలుపు తిరగడానికి వాడేసిన పట్టు తోయడానికి మిగలదు. మలుపు మధ్యలో ఉన్నవాడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక టైర్లను రెండు పనులూ ఒకేసారి చేయమన్నట్టే. అవి చేయలేవు. వెనక భాగం మలుపు బయటికి జారుతుంది.

అప్పుడు కాలు చేసే పని తెలుసుగా, ఠక్కున యాక్సిలరేటర్ వదిలేసి బ్రేకు మీదికి పోతుంది. అక్కడే బండి చేజారుతుంది. వేగం పెంచుతున్నంతసేపు బరువు వెనక్కి వాలి వెనక టైర్లను రోడ్డుకు అదిమి ఉంచుతుంది. కాలు తీయగానే ఆ బరువు ముందుకు ఒరిగి, అసలే జారుతున్న టైర్లు తేలికవుతాయి. 1975లో వచ్చిన పోర్షా 911 టర్బో దీనితోనే చెడ్డపేరు తెచ్చుకుంది. ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనక ఉంటుంది, టర్బో బలం కాస్త ఆలస్యంగా, ఒక్కసారిగా వస్తుంది. మలుపులో ఊహించని తోపుకు బెదిరి కాలు తీసినవాణ్ని కారు గిర్రున తిప్పేసేది.

జారిన బండిని పట్టుకునే తీరు చెప్పడానికి సులువే. ఎడమ మలుపులో వెనక భాగం కుడికి పోతే స్టీరింగ్ కూడా కుడికే తిప్పాలి. కాలును మెల్లగా సడలించాలి, పూర్తిగా ఎత్తకూడదు. చూపు గుద్దుకోబోయే చెట్టు మీద కాకుండా పోవాల్సిన దారి మీద ఉండాలి. చాలామంది ఇంతవరకూ బాగానే చేసి తర్వాతి అరక్షణంలో ఓడిపోతారు. వెనక భాగం సర్దుకోవడం మొదలవగానే స్టీరింగ్ అంతే వేగంగా తిన్నగా తేవాలి. తేకపోతే టైర్లకు పట్టు దొరికిన మరుక్షణం బండి రెండోవైపు విసురుతుంది. ఆ రెండో ఊపు మొదటిదానికంటే బలమైనది.

లెక్క కూడా చూద్దాం. 30 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును పొడి తారు మీద మంచి టైర్లున్న కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తిరగగలదనుకుందాం. వానకు పట్టు సగమైతే దాని హద్దు 35 దగ్గరికి వచ్చేస్తుంది. రోడ్డు అదే, మలుపు అదే, కారూ అదే. ఇంజన్ ఎన్ని గుర్రాలదన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా రాలేదు.

రాయి డ్రైవరు ఈ లెక్కలు కాగితం మీద వేయడు. దిమ్మను ఎక్కడ కూర్చోబెట్టారన్నది అతని మొదటి ప్రశ్న. బరువు మరీ వెనక పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. మరీ ముందుకొస్తే ఆ బండిది వేరే తంటా. రాయి పొట్టిది కాబట్టి బరువు కిందనే ఉంటుంది. పత్తి లోడులా మలుపులో పక్కకు ఒరగడం తక్కువ. గొలుసు వదులైందా, అది వేరే బండి. రాయి నాలుగు వేళ్ల మేర కదిలినా డ్రైవరుకు తెలిసిన బరువు తెలియని చోటికి పోయినట్టే.

లోడు దించి తిరిగొచ్చే ఖాళీ లారీ వానలో మరీ మొండిది. దాని వెనక బ్రేకులు టన్నుల బరువును ఆపేందుకు పెట్టినవి. పైన బరువు లేకపోతే, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు లేని పాత బండ్లలో, కాస్త తొక్కితే చాలు వెనక చక్రాలు బిగుసుకుని జారతాయి. ట్రైలర్ అయితే వెనకనుంచి వచ్చే తోపుకు ముందు బండి అడ్డం తిరిగి, రెండూ కత్తి మడిచినట్టు మడుచుకుంటాయి. గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల దిగేటప్పుడు ఏ గేరులో దిగాలో వాలు మొదలవకముందే తేల్చుకోవడం ఇందుకే. సగం వాలులో గబుక్కున గేరు దించితే ఇంజన్ పట్టంతా వెనక చక్రాల మీదే పడుతుంది. తడి రోడ్డు మీద అదీ బ్రేకు గట్టిగా తొక్కడంతో సమానం. నల్లరేగడిలో దిగబడితే పద్ధతి ఇంకోరకం. ఎక్కువ రేజు చేసినకొద్దీ చక్రం తన గుంత తనే తవ్వుకుంటుంది. క్లచ్ మీద ఓపిక పట్టి, తక్కువ రేజులో మెల్లగా లేపాలి.

ఈ చదువులో నాకు నచ్చేది వరస. క్లీనరు ముందుగా టైరు కొట్టి చూస్తాడు, గొలుసు లాగి చూస్తాడు, రివర్సులో దిగి దారి చూపిస్తాడు. బరువు ఎటు పోతుందో ఏళ్లతరబడి పక్కసీట్లో కూర్చుని ఒంటికి పట్టించుకున్నాకే స్టీరింగ్ చేతికొస్తుంది. స్పోర్ట్స్ కారు కొన్నవాడికి ముందే స్టీరింగ్ ఇచ్చేస్తారు. అలాగని లారీ సంప్రదాయాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వాలు దిగడం, గుండయిన టైర్లు, పరిమితి దాటిన లోడు, నిద్రలేని రాత్రులు కూడా కుర్రవాళ్లు ఆ పక్కసీట్లోనే నేర్చుకుంటారు.

ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుందిలే అనేవాళ్లున్నారు. 1995లో మెర్సిడెస్ పెద్దకార్లలో మొదలైన స్టెబిలిటీ కంట్రోల్ నిజంగానే ప్రాణాలు నిలిపింది. ఇంజన్ బలం తగ్గించి, అవసరమైన ఒక్క చక్రానికే బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. కాని లేని పట్టును అది పుట్టించలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. అప్పటి ఆ కార్లనూ వెనక చక్రాలే తోసేవి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ పందెంలో జాగ్వార్ జట్టు కార్లు రెండూ మలుపు దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకుని బయటికి పోయాయి. అనుభవం పండిన డ్రైవర్లకే ఆ లెక్క తప్పింది.

చీమకుర్తి చుట్టుపక్కల కారు హద్దు పరీక్షించుకోవడానికి తగిన చోటు లేదు. ఒంగోలు రోడ్డు దానికి పనికిరాదు, అక్కడ ట్రాక్టర్లూ గేదెలూ స్కూలు పిల్లలూ ఉంటారు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు ఉంది. అలాంటి మూసిన చోట, నేర్పేవాణ్ని పక్కన పెట్టుకుని, తడిపిన నేల మీద గుండ్రంగా తిరుగుతూ యాక్సిలరేటర్ కొంచెం కొంచెం పెంచితే, గంటకు 30, 40 కిలోమీటర్ల దగ్గరే కారు తన హద్దు చెప్పేస్తుంది. ఆ వేగంలో జారితే పోయేది కాస్త టైరు రబ్బరే. సీటును ముందే సరిచేసుకోవాలి. వీపు మొత్తం ఆనాలి, మోచేతులు కాస్త వంగి ఉండాలి. వెనక భాగం జారడం కళ్లకు కనపడేలోపే నడుముకు తెలుస్తుంది, పడుకున్నట్టు కూర్చున్నవాడికి ఆ కబురు ఆలస్యంగా చేరుతుంది.