రంగుకు లొంగని చూపు

మిర్యాలగూడ రైస్ మిల్లులో షాఫ్టు అరిగినా, మేళ్లచెరువు సిమెంటు లారీకి పిన్ను విరిగినా చూపులన్నీ లేత్ షెడ్డు వైపే. ఇంటి వెనక రేకుల కింద సొంత లేత్ పెట్టుకోవాలనుకునేవాళ్లు సెకండ్ హ్యాండ్ మిషన్ బేరానికి పాత టర్నర్‌ను వెంటబెట్టుకు వెళ్లడం మంచిది. ఆయన మిషన్‌ను పరీక్షించే తీరు చూసి తీరాల్సిన పనితనం.

కొత్తగా కొట్టిన రంగును ఆయన పట్టించుకోడు. మిషన్‌కు ఆధారమైన బెడ్డును, కడ్డీని పట్టి తిప్పే చక్‌కు దగ్గర్లో తడుముతాడు. పని ఎక్కువగా సాగేది అక్కడే, అరిగేదీ అక్కడే. బెడ్డు మీద జారే శాడిల్‌ను అక్కడ లూజు లేకుండా బిగించి, అవతలి కొసనున్న టెయిల్‌స్టాక్ వైపు నడుపుతాడు. మధ్యలో పట్టేసిందంటే అరుగుదల బయటపడ్డట్టే. చక్ మీద డయల్ గేజ్ ఆనించి, అందులో బిగించిన రాడ్డును పైకెత్తితే బేరింగుల గుట్టు ముల్లు చెబుతుంది. గేర్ల చప్పుడు వింటాడు, థ్రెడ్డింగ్‌కు కావలసిన మార్పిడి గేర్లు లెక్కపెడతాడు. చివరగా లావుపాటి కడ్డీని సన్నగా చెక్కి, రెండు కొసలా మైక్రోమీటర్ పెడతాడు.

1953లో బెంగళూరులో పుట్టిన హెచ్‌ఎంటీ పేరు మిషన్ మీద ఉన్నా ఒక్క పరీక్షా తగ్గదు. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంటే మోటారు మార్చే ఖర్చునూ బేరంలో కలుపుతాడు. నట్టు మారిస్తే పోయే లూజుకు ధర తగ్గించమంటాడు. బెడ్డే అరిగితే లేచి నిలబడతాడు. బాగయ్యేదేదో, కానిదేదో విడదీయగలగడమే ఆయన అసలు విద్య.