గళ్లలో పరుగెత్తే గుర్రాలు

ఆరో నిజాం కాలం నాటి మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రం తల్లెవరో, తండ్రెవరో చెప్పి పందెం కాయించే పెద్దమనుషులకు కొదవ లేదు. నేను ఆ జట్టు కాదు. నాది టైమింగ్ జట్టు. ఎక్సెల్ షీట్‌తో కూర్చున్నవాడి ముందు వంశావళి కబుర్లు నిలవవు.

టైములు లెక్కగట్టే ఈ విద్యకు పెద్ద దిక్కు అమెరికాలో ఆండ్రూ బేయర్. హార్వర్డ్‌లో పరీక్ష ఎగ్గొట్టి బెల్మాంట్ స్టేక్స్ పందెం చూడ్డానికి పోయిన ఘనుడు! 1975లో 'పికింగ్ విన్నర్స్' రాసి, ట్రాక్ తీరును బట్టి టైమును సవరించి కట్టే స్పీడ్ ఫిగర్లను జనానికి నేర్పాడు. 1979లో విసికాల్క్, ఆ తర్వాత లోటస్, ఎక్సెల్ వచ్చాక ఆ పెన్సిల్ లెక్కలు గళ్లలోకి చేరాయి.

పని తీరు చూడండి. 1200 మీటర్ల రేసులో గెలిచిన గుర్రం 72 సెకన్లు తీసుకుంది. మన గుర్రం ఐదు లెంగ్త్‌ల (అంటే ఐదు గుర్రాల పొడవు) వెనక వచ్చింది. లెంగ్త్‌కు సెకనులో ఐదో వంతు చొప్పున దాని టైమ్ 73. ఇక్కడితో ఆగేవాడు సగం పనివాడే. ఆ రోజు జరిగిన రేసుల టైములన్నీ వాటి వాటి క్లాసు సగటుతో పోల్చితే, వానకు మెత్తబడ్డ ట్రాక్ 0.8 సెకను తినేసిందని తేలిందనుకోండి. అప్పుడు మన గుర్రం అసలు టైమ్ 72.2. మామూలు ట్రాక్ మీద 72.5లో గెలిచిన ఫేవరెట్ కంటే ఇదే మెరుగు! రేసు బుక్‌లో మాత్రం పాపం ఐదో స్థానం అని ఉంటుంది. ట్రాక్ సవరణ రాసే ఆ ఒక్క కాలమ్‌ను ఓపిగ్గా నింపినవాడికి చేతులెత్తి మొక్కాలి.

హాంకాంగ్‌లో పందెగాడు బిల్ బెంటర్ ఇంకో మెట్టెక్కాడు. ఆయన షీట్లు దాటి సొంత ప్రోగ్రాములే రాసుకున్నాడనుకోండి. తన అంచనాకు జనం కాసిన డబ్బు చెప్పే ఆడ్స్‌ను కూడా కలిపి లెక్కకట్టాడు. పైగా ఆ కిటుకును 1994లో పేపర్‌గా రాసి అందరి ముందూ పెట్టాడు. ఎంత గుండె ఉండాలి!

ఎంత కాయాలో చెప్పేది 1956 నాటి కెల్లీ సూత్రం. గెలిచే అవకాశం నాలుగింట ఒకటి, టోట్ (జనం కాసిన సొమ్మును గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) రూపాయికి ఐదు ఇస్తుందంటే చేతిలో ఉన్న సొమ్ములో ఆరు శాతం పైచిలుకు. టోట్ నాలుగుకు దిగిందా, గడిలో సున్నా. సున్నా పడితే జేబులో చెయ్యి పెట్టకూడదు.

ఇప్పుడు టెలిగ్రామ్ గుంపుల్లో 'షూర్ షాట్ షీట్' అని అమ్ముతుంటే ఒళ్లు మండుతోంది. ఫార్ములాలకు తాళం వేసి ఉంటుంది. పాత రేసులన్నిటికీ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. సరిపోక ఏం చేస్తుంది, ఫలితాలు తెలిశాక వాటి కొలతలకు కుట్టిన చొక్కా అది! పోయిన పందేలు చెరిపేసి, వచ్చినవే చూపించేవాడు కూడా గెలిచే గుర్రాన్ని లెక్కగట్టి చెప్పే హ్యాండికాపరేనట! గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆటేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ దొంగసరుకులో నైపుణ్యం ఏ మూలన ఉంది?

రేస్ క్లబ్బుల పెద్దలకు ఒక మనవి: టైములు, ఫలితాలు నేరుగా షీట్‌లోకి దిగే ఫైలుగా ఇవ్వండి. కుర్రాళ్లూ, మీరు ఎవరి షీటూ కొనకండి. ఒక సీజన్ పాటు రూపాయి కూడా కాయకుండా మీ షీట్ మీరే రాసుకోండి, తప్పిన అంచనాలతో సహా.